మాట అందేదాకా

ఆరింటికి మొదలుపెడతామన్నారు. ఇప్పుడు ఆరూ పన్నెండయింది, ఇంకా రెండో పేరే నడుస్తోంది, నాది ఏడో పేరు. భోజనాల బల్ల మీద మైలో డబ్బాకి ఆనించిన ఫోనులో రాటర్‌డామ్ కనిపిస్తోంది. అక్కడ మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఆదివారం ప్రార్థన ఇప్పుడే అయింది, హాలు పొడుగు కిటికీల్లోంచి ఆగస్టు ఎండ పడుతోంది. ఇక్కడ కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో, మా అయిదో అంతస్తు కిటికీ బయట, రోజూ వచ్చే సాయంత్రపు వాన మోనోరైలు వంతెన మీద దబదబా కొడుతోంది. ఫోనులో వంకాయరంగు అంగీలు మూడు వరసలు నిలబడి ఉన్నాయి, అది మా గాయక బృందం, మా అనవచ్చో లేదో, ఆ వరసలో నేను నిలబడి అయిదేళ్ళు దాటింది. వాళ్ళ ముందు ఒక పక్కగా చేతుల కుర్చీలో తాంతె ఎస్లీన్. తాంతె అంటే వాళ్ళ భాషలో అత్త. తలకి పసుపుపచ్చ గుడ్డ కట్టుకుంది, కొసలు విసనకర్రలా పైకి లేచి ఉన్నాయి, ఆవిడ పుట్టిన సురినామ్‌లో పండగలకి అలా కట్టుకుంటారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది, కాదు, ఎవరో తీసి ఒళ్ళో పెట్టి ఉంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ బృందాన్ని నడిపిన చెయ్యి అది. డిసెంబరులో ఒక ఉదయం మెదడులో నరం చిట్లి చెయ్యి పడిపోయింది, మాట సగం పోయింది, ఒకటి అనబోతే ఇంకోటి వస్తోందట. అందుకని ఇవాళ ఆవిడకి వీడ్కోలు. పాత గాయకులు ఒక్కొక్కరూ ఒక్కో నిమిషం మాట్లాడుతున్నారు, దూరాన ఉన్నవాళ్ళు తెర మీదికి వచ్చి మాట్లాడుతున్నారు. నేనూ మాట్లాడాలి. నాకు నత్తి.

అమ్మ పక్కన కూర్చుని కంగ్‌కుంగ్ ఆకుకూర గిల్లుతోంది, ఆకులు ఒక గిన్నెలోకి, కాడలు ఇంకో గిన్నెలోకి, కళ్ళు మాత్రం ఫోను మీద. "ఇందల నీ అత్త ఎవులురా? ఆ పచ్చగుడ్డ కట్టినామేనా?" అంది. అవునని తలూపాను. "నాకంటే సిన్నదే లా. సెయ్యి పడిపోనాదా, పాపం," అంది, ఇక్కడి అందరిలా మాట చివర లా తగిలించి, మళ్ళీ ఆకులోకి వెళ్ళింది. తల ఊపితే సరిపోయేదానికి నోరు తెరవకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అమ్మకీ అదే అలవాటు, నా తల ఊపుడులో అవునూ కాదూ కాక ఇంకో పది రకాలు చదవగలదు, ఆకలిగా ఉందనీ, తలనొప్పనీ, దుకాణంలో అడిగిన సబ్బు అది కాదనీ. యాభై ఏళ్ళకి దగ్గర పడుతున్న కొడుకు తల ఊపుడు. ఫోను పైభాగంలో సందేశం వచ్చింది. రూబెన్. హాల్లో మైకు పట్టుకుని పేర్లు పిలుస్తున్నది అతనే, బేస్ గొంతుల వరసలో ఏడేళ్ళు నా పక్కన నిలబడ్డవాడు, కురసావ్ దీవివాడు. "రికార్డింగ్ పంపుతావా, లైవ్‌లో వస్తావా? ఏదైనా సరే. ఇంకా టైముంది."

రికార్డింగ్ ఉంది. పొద్దున్న కింద బేస్‌మెంట్‌లో కారులో అద్దాలెత్తుకుని కూర్చుని పద్నాలుగుసార్లు తీశాను. పద్నాలుగోది బాగా వచ్చింది, నలభై ఎనిమిది సెకన్లు, ఒక్కచోట కూడా పట్టుకోలేదు, నా నోరేనా అని రెండుసార్లు చూసుకున్నాను. అందులోవాడు చొక్కా నలగనివాడు, బ్యాంకులో ఎదురుగా కూర్చుని చక్కగా వివరాలు చెప్పేవాడిలా ఉన్నాడు, వాడంటే నాకు ముచ్చటేసింది. వాణ్ణి పంపేస్తే అయిపోతుంది, అమ్మ వంట మొదలుపెట్టేలోపు అయిపోతుంది, చప్పట్లు కొడతారు, తాంతె నవ్వుతుంది. వేలు ఆ బాణం గుర్తు మీదికి వెళ్ళింది, ఇప్పుడు కూడా వెళ్తోంది, అక్కడే తచ్చాడుతోంది. కానీ ఆ పద్నాలుగోవాణ్ణి తాంతె ఎస్లీన్ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఎరిగిన మనిషి వేరు. ఆవిడ కోసం ఆ మనిషి వెళ్ళాలి, కొత్తవాణ్ణి పంపితే ఎలా. అయినా రూబెన్‌కి జవాబివ్వలేదు. మూడో పేరు పిలిచారు. ఎవరో సన్నటి ఆవిడ, నా తర్వాత చేరినట్టుంది, కాగితం చూసి గబగబా చదివేసి ఏడ్చేసింది.

గబగబా చదివెయ్యడం. నా చిన్నప్పుడు తెలుక్ ఇంటాన్ ఊరి అవతల ఎస్టేట్‌లో, రబ్బరు చెట్ల వరసల వెనక మా తమిళ బడి, రేకుల కప్పు, బల్లకి నలుగురం. వాధ్యార్ మారియప్పన్ మంచివాడు, బెత్తం తియ్యలేదు, ఎప్పుడూ అరవలేదు. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడేవాణ్ణి, మొదటి అక్షరం గొంతులో రాయిలా అడ్డం పడేది, మెడ నరాలు లేచేవి, కళ్ళు మూసుకునేవాణ్ణి, వెనక బల్లవాళ్ళు ఊపిరి బిగబట్టి నవ్వు ఆపుకునే చప్పుడు వినిపించేది, అప్పుడాయన చాలా మెత్తగా, పోనీలే, కూర్చో అనేవాడు. ఆ పోనీలే ఎంత మెత్తగా ఉండేదో. ఆరేళ్ళు ఆ మెత్తటి మాట మీద కూర్చున్నాను. ఇంట్లో అమ్మ. అమ్మ పోనీలే అనేది కాదు, అందించేసేది. నేను నీ... అంటే నీళ్ళు వచ్చేసేవి, బ... అంటే బడికి పోనని ఆవిడే అనేసి ఆవిడే తిట్టేసేది. దుకాణంలో, క్లినిక్‌లో, ఎస్టేట్ ఆఫీసులో క్రానీ అనే గుమాస్తా ముందు, నేను నోరు తెరిచేసరికి అమ్మ మాట ముందుండేది. ఒక్కోసారి నేననబోయింది అది కాదు. కానీ కాదు అనడానికి మళ్ళీ క అనే అక్షరం దాటాలి, అందుకని అదేనని తలూపేవాణ్ణి. అలా ఎన్నిసార్లు నాకు ఇష్టంలేని మిఠాయి తిన్నానో. ఇది అమ్మ మీద ఫిర్యాదు కాదు. తెల్లారకముందే లేచి చీకట్లో తలకి దీపం కట్టుకుని రబ్బరు చెట్లు గీసి, ఆ పాలు తూకానికి మోసి వచ్చిన మనిషికి నా మాట కోసం నిలబడే తీరిక ఎక్కడిది. ఆవిడ ప్రేమ అంత గబగబా ఉండేది.

ఒక్కచోట అడ్డం పడేది కాదు. శనివారాలు ఎస్టేట్ రామమందిరంలో భజన. మా తాత కూర్మయ్య తాళాలు పట్టుకుని ఒక చరణం ఎత్తేవాడు, మిగిలినవాళ్ళం అందుకునేవాళ్ళం, ఆయన మళ్ళీ ఎత్తేవాడు, మేం మళ్ళీ అందుకునేవాళ్ళం. గుంపులో, పాటలో, ఒక్క అక్షరం కూడా నన్ను పట్టుకునేది కాదు. నీళ్ళల్లో చేప లాగా పోయేవాణ్ణి. భజన అయ్యి ప్రసాదం పంచేవాడు ఇంకొంచెం పెట్టనా అంటే మాత్రం మళ్ళీ తల ఊపుడే.

నాలుగో పేరు. అక్రా నుంచి ఒక పెద్దాయన, తెర మీద ఆయన నుదురు మాత్రమే కనిపిస్తోంది, హాలంతా నవ్వుతున్నారు, ఫోను కిందికి దించమని అరుస్తున్నారు. అమ్మ కూడా నవ్వింది. "ఏటా బాస? ఇంగ్లీసా?" కాదన్నట్టు చెయ్యి ఊపాను. "డ... డచ్చి," అన్నాను. అమ్మ పెదవులు కదిలి ఆగిపోయాయి, ఆవిడకి ఆ మాట తెలియదు కాబట్టి అందించలేదు. నాకు నవ్వొచ్చింది.

పోర్ట్ క్లాంగ్‌లో చలి కంటెయినర్ల మరమ్మతు నా పని. మా కంపెనీ నన్ను రెండేళ్ళకని రాటర్‌డామ్ పంపింది, అది ఏడేళ్ళయింది. ఆ పనిలో మాట్లాడే అవసరం లేదు, అందుకే ఎంచుకున్నాను. ఖాళీ కంటెయినర్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని చలి పరీక్షించాలి, నలభై అడుగుల ఇనప పెట్టె, గుసగుసలాడినా మోగుతుంది. ఎవరూ లేరు కదా అని ఒక రోజు తాత భజన ఎత్తాను. ఎత్తేవాడూ నేనే, అందుకునేవాడూ నేనే. తలుపు తీసేసరికి బయట రూబెన్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీకు గొంతుందని ఎందుకు చెప్పలేదన్నాడు. ఆ మంగళవారం నన్ను లాక్కుపోయాడు. నదికి దక్షిణాన, కార్మికుల పేటలో ఒక పాత చర్చి హాలు, ముప్ఫైమంది, సురినామ్‌వాళ్ళు, కురసావ్‌వాళ్ళు, ఘనావాళ్ళు, పని నుంచి తిన్నగా వచ్చిన ఒళ్ళు, తడి కోట్లు, వేడి కాఫీ. అమెరికాలో బానిసత్వం అనుభవించిన నల్లవాళ్ళ చర్చిల్లో పుట్టిన పాట అది, గాస్పెల్, మైళ్ళు దాటి డచ్చివాళ్ళ వాన ఊళ్ళోకి వచ్చి చేరింది. ఒకరు ఎత్తితే మిగిలినవాళ్ళు అందుకుంటున్నారు. నాకు గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి, ఇది నాకు తెలుసు అనిపించింది.

ముందు నిలబడ్డ ఆవిడే తాంతె ఎస్లీన్, ట్రాము డ్రైవర్ల నీలం యూనిఫారంలో ఉంది, డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే టైము లేక అలాగే వచ్చింది. నీ పేరేమిటన్నది. కృష్ణకుమార్ అనే పేరు నత్తివాడికి ఎవరు పెట్టినట్టు, ఒకటి కాదు, రెండు కలు. క్... అన్నాను. ముప్ఫైమంది చూస్తున్నారు. క్... క్... మెడ నరాలు లేచాయి. ముందు వరసలో ఒకాయన పాపం సాయం చెయ్యబోయి క్రిస్? అన్నాడు. ఆవిడ అరచెయ్యి ఎత్తింది. నన్ను ఆపడానికనుకున్నాను. కాదు, ఆయన్ని ఆపడానికి. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూస్తూ నిలబడింది, ఆ చూపులో జాలి లేదు, తొందర లేదు, ఎరుపు దీపం దగ్గర ట్రాము ఆపుకుని కూర్చున్న మనిషి తీరు. ఎంతసేపైందో. పేరు మొత్తం వచ్చింది, రెండు కలూ దాటి చివరి ర్ దాకా నా నోటితోనే వచ్చింది. "రెండు పేర్లు కలిపి పెట్టారు కదా, ఆ మాత్రం టైము పడుతుంది," అంది ఆవిడ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నేను వేరే దేవుళ్ళవాణ్ణని చెప్పాలనుకుని మళ్ళీ చాలాసేపు తీసుకున్నాను, అదీ విన్నది, విని, "సరే. బేస్‌లో మనిషి తక్కువున్నాడు, వెళ్ళి రూబెన్ పక్కన నిలబడు," అంది. ఏడేళ్ళలో ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. దీపావళికి మాత్రం నాకు కొవ్వొత్తి ఇచ్చేది.

ఒకసారి విరామంలో డబ్బా తీసి బారా తిను అంది. కొరికితే అది గారె. మినప్పప్పు గారె, మధ్యలో చిల్లుతో సహా. ఇది మీకెక్కడిదంటే, ఇంటి పక్కవాళ్ళదంది. సురినామ్‌లో చెరుకు తోటలకి కలకత్తా ఓడల్లో కూలీలని తెచ్చారట, వాళ్ళ గారెలు అవి, పక్కింటి పిల్లలు కాబట్టి ఈవిడ తింటూ పెరిగింది. మా ముత్తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి అలాగే ఓడెక్కి మలయా తోటలకి వచ్చాడని చెప్పాను. చాలాసేపు పట్టింది చెప్పడానికి. "మీవాళ్ళు వేలిముద్ర వేసి ఎక్కారు. మావాళ్ళని ఎవరూ అడగలేదు," అంది, కోపంగా కాదు, నిజం కాబట్టి. ఇంకో గారె నా చేతిలో పెట్టింది. నేను ఆ రాత్రి అమ్మకి ఫోను చేసి గారె గురించి చెప్పబోయాను, గా... అన్నాను, "గాయమా? ఏటైనాది?" అని అమ్మ కంగారుపడిపోయింది. అమ్మ కంగారు తగ్గించేసరికే సరిపోయింది.

అయిదో పేరు. వాన ఇంకా పెరిగింది. కింద పూలదండల కొట్టువాళ్ళు టార్పాలిన్ లాగుతున్నట్టున్నారు, అరుపులు వినిపిస్తున్నాయి. ఇప్పుడు నెట్ పోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. ఆవిడ దగ్గర నుంచి నేను ఒకసారి పారిపోయాను కూడా. ఆమ్‌స్టర్‌డామ్ ఆగ్నేయపు పేటలో పెద్ద కచేరీ, రెండు పాటల మధ్య రెండు వాక్యాలు చెప్పాలి, పాడటం కాదు, మాట్లాడటం. అది కుమార్ చెప్తాడంది తాంతె. నాతో ఆటలాడుతోందనుకున్నాను, మూడు వారాలు వెళ్ళలేదు. నాలుగో వారం నా గది తలుపు కొట్టింది, ఆ నీలం యూనిఫారంలోనే, వాన నీళ్ళు కారుతూ. "నిన్ను అవమానించానా?" అంది. నత్తి అన్నాను, నా నత్తి అన్నాను, అక్కడ ఎనిమిది వందలమంది అన్నాను. "నత్తి లేకుండా చెప్పమని నేనెప్పుడన్నాను?" అంది. అంతే, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎనిమిది వందలమంది ముందు ఆ రెండు వాక్యాలకి నాలుగు నిమిషాలు తీసుకున్నాను. రెండో వాక్యం మధ్యలో ఇరుక్కుపోతే వెనక వరసల్లోంచి ఒక ముసలావిడ, తీరిగ్గా చెప్పు నాయనా అని కేకేసింది, ఇంకొకరు తొందరేం లేదన్నారు, వాళ్ళ చర్చిల్లో అది అలవాటు, పాడేవాణ్ణీ చెప్పేవాణ్ణీ అలా చేతుల్లో ఎత్తుకుంటారు. వాక్యం పూర్తయింది. నాకు నత్తి పోలేదు. పోతుందని ఆవిడ ఎప్పుడూ మాటివ్వలేదు. పోయింది వేరే ఏదో, దానికి పేరు నాకిప్పటికీ దొరకలేదు, మారియప్పన్ వాధ్యార్ పోనీలే దగ్గర కూర్చున్నవాడు అక్కడ్నుంచి లేచాడని మాత్రం చెప్పగలను.

అంత చేసిన మనిషికి చెప్పకుండా వచ్చేశాను. నాన్నకి బాగాలేదని రెండు వారాల సెలవు మీద వచ్చాను, ఆ మార్చిలోనే మహమ్మారి వచ్చి దేశాలన్నీ తలుపులు వేసుకున్నాయి. నాన్న మేలో పోయారు. కంపెనీ నన్ను తిరిగి పోర్ట్ క్లాంగ్‌లోనే ఉండమంది, అమ్మ ఒంటరిగా ఉండటం ఇష్టంలేక తెలుక్ ఇంటాన్ నుంచి ఇక్కడికి తెచ్చేసుకున్నాను. తాంతె ఫోను చేసేది. నేను సందేశాలు రాసేవాణ్ణి, రాతలో నత్తి ఉండదు కదా, రాత అంటే తలుపు చాటు నుంచి మాట్లాడటం. వెళ్ళొస్తానని ముఖం చూసి చెప్పలేదు. ఇప్పుడు నేను ఫోను చేసినా ఆవిడ నాతో మాట్లాడే స్థితిలో లేదు.

ఆరో పేరు అయింది. రూబెన్ కాగితంలోంచి తలెత్తి కెమెరా వైపు చూశాడు, నా వైపే చూశాడనిపించింది. రికార్డింగ్ మీద వేలు ఉంది. తీసేశాను. మైకు గుర్తు నొక్కాను.

"కౌలాలంపూర్ నుంచి," అన్నాడు రూబెన్, గొంతులో సంతోషం దాచుకోకుండా, "బేస్ వరస నుంచి, కృష్ణకుమార్."

హాలు గోడ మీద పెద్ద తెర ఉన్నట్టుంది, అందరి తలలూ అటు తిరిగాయి. తాంతె తల కూడా మెల్లగా తిరిగింది. నా వెనక వంటింటి అల్మారా కనిపిస్తోందేమో అనుకున్నాను, అమ్మ చీర కొంగు కనిపిస్తోందేమో. కాగితం మీద మూడు వాక్యాలున్నాయి. కాగితం చూడలేదు.

"తాంతె," అన్నాను. అది తేలిగ్గా వచ్చింది. "మీకు చె... చెప్పకుండా వచ్చేశాను." రెండోది మొదలుపెట్టాను, మొదటి మాట దగ్గరే రాయి అడ్డం పడింది. కళ్ళు మూసుకోలేదు. వాన వినిపించింది, మోనోరైలు ఒకటి వెళ్ళింది, ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది. హాల్లో ఎవరో తీరిగ్గా అన్నారు. ఇంకెవరో, మేం ఇక్కడే ఉన్నాం కుమార్ అన్నారు. పక్కన అమ్మ ఆకు గిల్లడం ఆపేసింది, రెండు చేతులూ గిన్నెలో అలాగే ఉన్నాయి, పెదవులు బిగించుకుని నా నోటి వైపే చూస్తోంది. రాయి జరిగింది. "నా మా... మాట ఆఖరిదాకా విన్న మొ... మొదటి మనిషి మీరు." మూడోది ఒక్క మాటే, వెళ్ళొస్తానని. అది కూడా చెప్పాను.

చప్పట్లు కొట్టారు, కాళ్ళు నేలకేసి కొట్టారు. రూబెన్ ఎనిమిదో పేరు చదవబోతుంటే తాంతె ఎడమచెయ్యి చాచింది, మైకు కోసం. అంతవరకూ ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, నవ్వి తల ఊపింది. తల ఊపడం. మైకు నోటి దగ్గర పెట్టుకుని నోరు తెరిచింది, "ట్రాము," అంది. తల అడ్డంగా ఊపుకుంది, అది కాదు. మళ్ళీ తెరిచింది, పెదవులు కలిశాయి, విడిపోయాయి, ఏమీ రాలేదు. మెడ నరాలు లేచాయి. ఆ నరాలు నాకు తెలుసు. ముందు వరసలో ఒకావిడ ప్రేమగా, కుమార్? అని అందించింది. తాంతె కాదన్నట్టు కళ్ళు మూసింది. థాంక్యూనా అన్నారెవరో. ఆమెన్ అన్నారింకెవరో. రూబెన్ వంగి ఆవిడ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకోబోయాడు, చాలా మెత్తగా, శ్రమపడకండి, పోనీలెండి అంటూ.

"ఆ... ఆగు!" అన్నాను. నా గొంతు ఆ హాలంతా మోగి ఉంటుంది, రూబెన్ ఉలిక్కిపడ్డాడు. "ఆ... ఆవిడ్ని చె... చెప్పనివ్వండి. ఎవరూ అం... అందించకండి."

రూబెన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాంతె తెర వైపు చూసింది, నేను ఫోను వైపు చూశాను, నాలో తొందర ఎక్కడా లేదు, ఆశ్చర్యం, నా జన్మలో ఇంకొకరి మాట కోసం నేను ఇలా కూర్చున్నది ఇదే మొదటిసారి, ఇంత హాయిగా ఉంటుందా, ఇవ్వడం ఇంత తేలికా, ఆవిడ ఏడేళ్ళూ ఇలాగే కూర్చుందా నాకోసం. అర నిమిషం అయిందేమో, ఒక నిమిషమేమో. ఆవిడ డచ్చి పక్కన పెట్టేసి తన చిన్ననాటి సురినామ్ భాషలోకి వెళ్ళింది, అక్కడ వెతికింది, దొరికింది.

"యు మామా?"

"మావా?" అంది అమ్మ వెంటనే. "మీ మావని అడుగుతున్నాదా? నీకు మావెక్కడున్నాడ్రా?"

"మా... మామా అంటే అమ్మ. నీ గురించే అ... అడుగుతోంది. మీ అమ్మ ఎలా ఉంది అని."

అమ్మ గబుక్కున చేతులు చీరకి తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది, కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆవిడ ముఖం నా ముఖం పక్కకి వచ్చింది. హాల్లో అందరూ ఓ అన్నారు. తాంతె ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వింది, మూతి ఒక వైపే నవ్వింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నగా, "ఇంతసేపు ఆవిడితో ఏటి సెప్పినావు?" అంది.

ఇది నేను అనుకోలేదు. డచ్చిలో చెప్పడం తేలికనిపించింది, అమ్మకి అర్థం కాదు కాబట్టే ఆ వాక్యం అలా రాసుకున్నానని అప్పుడు తెలిసింది. వేరే ఏదైనా చెప్పవచ్చు. బాగా చూసుకున్నందుకు దండాలు చెప్పానంటే అయిపోతుంది. ఆవిడ నా నోటి వైపు చూస్తోంది. "నా మా... మాట," అన్నాను తెలుగులో, "ఆ... ఆఖరిదాకా విన్న మొ... మొదటి మనిషి ఆవిడేనని చె... చెప్పానమ్మా." అది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ అమ్మ ఆగింది. మధ్యలో మొదటి అనే మాట ఆవిడకి ముందే తెలిసిపోయింది, కళ్ళల్లో కనిపించింది, అయినా అందించలేదు.

కంగ్‌కుంగ్ ఆకు ఒకటి ఆవిడ వేలికి అంటుకుని ఉంది. తర్వాత నావైపు కాదు, ఫోను వైపు తిరిగింది, తాంతె వైపు, ఇద్దరూ పక్కింటి గోడ దగ్గర నిలబడ్డట్టు.

"అమ్మా," అంది. "నా పేరు దాలమ్మ. ఈడి మాటలన్నీ నానే సెప్పేసినానమ్మా. ఆడు నోరు తెరిస్తే సాలు, నానే అనేసేదాన్ని. ఆడు పడే ఆ అవస్త నాను సూడనేకపోయేదాన్ని. ఆడికి సాయం సేస్తన్నాననుకున్నాను. ఇప్పుడు సూస్తే, ఆడి మాట నాను తినేసినాను కదా. నువ్వు అలాగ సెయ్యనేదు. దూరదేశంలో నా కొడుకుని నిలబెట్టి ఆడి మాట ఆడికిచ్చినావు. నీకు దండమమ్మా. నీ సెయ్యి మళ్ళీ లేవాల, నీ మాట మళ్ళీ రావాల. మా రాముడికి సెప్పుకుంటాను." ఊపిరి తీసుకుంది. నా మోచెయ్యి పట్టుకుంది. "సెప్పు. ఆవిడికి సెప్పు, వాళ్ళ బాసలో."

హాల్లో మూడు వందలమంది ఉన్నారు. తాంతె ఎదురుచూస్తోంది. మొదటి మాట అమ్మ పేరు, అది బాగానే వచ్చింది. రెండో మాట దగ్గర ఆగిపోయాను. అమ్మ తరపున మాట్లాడటం నాకు తెలియదు, ఎప్పుడూ చెయ్యలేదు, ఇన్నాళ్ళూ అది అటు నుంచి ఇటు వచ్చేది. అయినా ఒక్కో మాటా తీశాను, ఎక్కడా తగ్గించలేదు, తినేసినాను అన్నదాన్ని మెత్తబరచలేదు, అవస్తని అవస్తే అన్నాను, రాముణ్ణి రాముడే అన్నాను. చాలాసేపు పట్టింది. రూబెన్ కాగితం జేబులో పెట్టేసుకున్నాడు. వరసల్లో కొందరు ముఖాలు తుడుచుకుంటున్నారు, ఎవరూ కదలలేదు. తాంతె అమ్మనే చూస్తోంది, నన్ను వింటూ అమ్మని చూస్తోంది, అంతా అయ్యాక ఒక్కసారి తల వంచి లేపింది.

అమ్మ ఇంకా నా మోచెయ్యి వదల్లేదు.

"అంతా సెప్పినావా?" అంది. "ఏటీ ఒదిలీనేదు కదా?"

"లే... లేదమ్మా," అన్నాను. "అం... అంతా చెప్పాను."